రెండు గళ్లలో ఇమడని పేరు: విమాన టికెట్టు మీద తప్పు పడితే ఏం చేయాలి?

మా మేనత్తకు మూడు పేర్లు. ఇంట్లో పిలిచేది ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఒకటి, పాస్‌పోర్టులో అచ్చయింది ఇంకొకటి. చిత్తూరులో అరవై ఏళ్లుగా ఈ మూడింటితో ఏ ఇబ్బందీ లేకుండా నెట్టుకొచ్చింది. రేషన్ షాపాయన ఒక పేరుతో బియ్యం ఇచ్చాడు, బ్యాంకు వాళ్లు ఇంకో పేరుతో పాస్‌బుక్ ఇచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లెవరూ లేరు. ఆ అవసరం కూతురి పురుటితో వచ్చింది. కూతురుండేది మెల్‌బోర్న్‌లో. చెన్నైలో ఎక్కి, మధ్యలో ఒకచోట విమానం మారి వెళ్లాలి. తిరుపతిలో ఉండే నేను ఒక బుకింగ్ సైట్‌లో రానూపోనూ టికెట్టు తీశాను. ఆమె ఆధార్ ఫోటో వాట్సాప్‌లోనే ఉంది కదా అని అందులో చూసి పేరు కొట్టేశాను.

మరుసటి రోజు రాత్రి వీసా కాగితాలు సర్దుతుంటే తప్పు బయటపడింది. ఆమె పేరులో "లక్ష్మి" ఉంది. ఆ "క్ష"కు ఆధార్‌లో ఎక్స్ వేశారు, పాస్‌పోర్టులో కె, ఎస్, హెచ్ వేశారు. అది చాలదన్నట్టు ఇంటిపేరు ఉండాల్సిన గడిలో పేరు, పేరు ఉండాల్సిన గడిలో ఇంటిపేరు పడ్డాయి. కడుపులో దేవినట్టయింది. విమాన సంస్థకు ఫోన్ చేస్తే "మీరు ఎక్కడ కొన్నారో వాళ్లనే అడగండి" అన్నారు. సైట్ వాళ్లకు చేస్తే "పేరు మార్చే అధికారం మాకు లేదు సార్, విమాన సంస్థనే అడగండి" అన్నారు. ఇలా మూడు రోజులు బంతాట.

ఆ మూడు రోజుల్లో దెబ్బలు తిని నేర్చుకున్నదీ, తర్వాత బస్టాండు దగ్గర చాలా ఏళ్లుగా టికెట్ల పని చేస్తున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మనిషి అదేనా, వేరేనా?

విమాన సంస్థల నిబంధనలు చదివితే మొదట తల తిరుగుతుంది. ఒకచోట పేరు మార్చడం కుదరదని ఉంటుంది. నాలుగు లైన్ల కింద పేరు సవరించుకోవచ్చని ఉంటుంది. నిజానికి రెండూ వేర్వేరు సంగతులు. టికెట్టు కొన్న మనిషే ఎక్కుతోంది, కాకపోతే అక్షరం తప్పు పడింది, ఇది సవరణ. నా పేరున కొన్న టికెట్టు మీద మా తమ్ముణ్ని పంపాలనుకుంటున్నాను, ఇది మార్పు. మొదటిదాన్ని దాదాపు అన్ని సంస్థలూ ఏదో ఒక దారిలో ఒప్పుకుంటాయి. రెండోదాన్ని దాదాపు ఏ సంస్థా ఒప్పుకోదు.

ఫోన్‌లో మొదటి రోజు నేను అన్న మాట "నేమ్ చేంజ్ చేయాలండీ". అవతలి అమ్మాయి ఒక్క ముక్కలో కుదరదంది. మూడో రోజు "మనిషి ఆమే, పాస్‌పోర్టు ప్రకారం రెండు అక్షరాలు తేడా పడ్డాయి, సవరించాలి" అన్నాను. అదే నంబరు, అదే టికెట్టు, ఈసారి పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ పంపమన్నారు. మాటలోని తేడాకు ఇంత విలువ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మనవాళ్లకు ఈ చిక్కు కొత్తగా అనిపించడానికి కారణం రైలు. కన్ఫర్మ్ అయిన రైలు టికెట్టును బయల్దేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ ఆఫీసులో అర్జీ పెట్టి అమ్మానాన్నలకో, తోబుట్టువులకో, పిల్లలకో, భార్యకో భర్తకో మార్చుకోవచ్చు. విమానానికి అలాంటి వీలు లేదు. తిరుపతి వాళ్లకైతే ఇంకో పోలిక చెబితే ఇట్టే అర్థమవుతుంది. 300 రూపాయల దర్శనం టికెట్టు ఎవరి పేరున తీస్తే వాళ్లే, వాళ్ల గుర్తింపు కార్డుతోనే క్యూలో నిలబడాలి. ఎందుకో తిరుపతిలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు: బ్లాకులో అమ్మేవాళ్లు పుట్టుకొస్తారు కాబట్టి.

విమానాల్లోనూ అదే భయం, కాకపోతే ఇంకా పెద్ద లెక్కలో. ఒకే సీటును మూడు నెలల ముందు ఒక ధరకు, రేపు ప్రయాణమనగా దానికి ఎన్నో రెట్ల ధరకు అమ్మడం మీదే వాళ్ల వ్యాపారం నడుస్తుంది. పేర్లు మార్చుకోవచ్చంటే ముందే చవగ్గా కొని దాచిపెట్టి, సంక్రాంతి ముందు రోజు అమ్ముకునే బ్రోకర్లు బయల్దేరతారు. ఇది ఊహ కాదు. ఒకప్పుడు అమెరికాలో వాడని విమాన టికెట్లను పత్రికల్లో చిన్న ప్రకటనలు వేసి అమ్ముకునేవాళ్లు. 1996లో న్యూయార్క్ దగ్గర టీడబ్ల్యూఏ 800 విమానం కూలాక అక్కడ ఫోటో గుర్తింపు కార్డు చూపడం తప్పనిసరైంది. దాంతో ఆ అంగడి మూతపడింది. భద్రత కోసం వచ్చిన నిబంధన సంస్థల ఆదాయానికీ కాపలా కాసింది. పేరు మార్చడం సాంకేతికంగా కుదరని పని అని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. ఐరోపాలో ర్యాన్ఎయిర్ లాంటి చవక సంస్థ గట్టి రుసుము తీసుకుని మొత్తం పేరే మార్చి ఇస్తుంది. అంటే వద్దనుకున్న వాళ్లు వద్దనుకున్నారు, డబ్బు చేసుకోవాలనుకున్న వాళ్లు చేసుకుంటున్నారు.

టికెట్టు అంటే ఏది?

మనం టికెట్టు అనేదానిలో రెండు వస్తువులున్నాయి. ఒకటి పీఎన్ఆర్, ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తు. ఎవరు, ఎప్పుడు, ఏ విమానంలో వెళ్తున్నారు, ఫోన్ నంబరేమిటి, భోజనం ఏమడిగారు అన్నీ రాసి పెట్టుకున్న చీటీ అది. రెండోది ఈ-టికెట్, 13 అంకెల నంబరు. డబ్బు కట్టినట్టు, ఇన్ని ప్రయాణాలకు హక్కు ఉన్నట్టు సాక్ష్యం అది. ఆ నంబరులో మొదటి మూడంకెలు సంస్థ గుర్తు. 098తో మొదలైతే ఎయిరిండియా, 176 అయితే ఎమిరేట్స్, 220 అయితే లుఫ్తాన్సా. ఈ రెండింటి మీదా పేరు ఉంటుంది. అసలు కిటుకు ఇక్కడుంది. చీటీలో పేరు దిద్దినంత మాత్రాన టికెట్టులో పేరు మారదు. దాన్ని విడిగా తిరిగి జారీ చేయాలి. దీన్నే వాళ్లు "రీఇష్యూ" అంటారు.

2008 జూన్ 1 నుంచి ప్రపంచమంతా కాగితం టికెట్లు మానేసి ఈ-టికెట్లకు మారింది. అంతకు ముందు వెనక ఎర్రటి కార్బన్ పూసిన ఆకులతో చెక్కుబుక్కులా ఉండేది టికెట్టు. తప్పు పడితే ఏజెంటు కొత్తది రాసిచ్చి పాతది లాగేసుకునేవాడు. చేతిలో కాగితం మారేది కాబట్టి మారిందో లేదో కళ్లకు కనిపించేది. ఇప్పుడు "చేసేశాం సార్" అని ఫోన్‌లో చెబితే నమ్మడం తప్ప దారి లేదనిపిస్తుంది. దారి ఉంది. సవరణ అయ్యాక తాజా ఈ-టికెట్ రసీదు మెయిల్‌లో పంపమనాలి. అందులో పేరు, 13 అంకెల నంబరు చూసుకోవాలి. తర్వాత విమాన సంస్థ సొంత సైట్‌లో పీఎన్ఆర్, సరిదిద్దిన ఇంటిపేరు కొట్టి తెరవాలి. తెరుచుకుంటే చీటీలో మారినట్టు. రసీదులో కూడా సరిగ్గా ఉంటే టికెట్టులో మారినట్టు. రెండూ చూడాలి.

ఇంకోటి. సైట్‌లో పాస్‌పోర్టు వివరాలు నింపే చోటు ఒకటుంటుంది. నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ, పాస్‌పోర్టులో ఉన్న పేరు. అక్కడ పేరు సరిగ్గా కొట్టి, ఇక అయిపోయిందనుకుని చాలామంది పప్పులో కాలేస్తారు. ఆ వివరాలు వెళ్లేది దేశాల సరిహద్దు అధికారుల కోసం. టికెట్టు మీది పేరు దాంతో కదలదు. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు తప్పు పడితే మాత్రం అక్కడే దిద్దుకోవచ్చు, దానికి కంగారు అక్కర్లేదు.

కంగారు అక్కర్లేనివి ఇంకా ఉన్నాయి. టికెట్టు మీద ముందు ఇంటిపేరు, ఒక గీత, తర్వాత పేరు, దానికి అతుక్కుని ఎంఆర్ అనో ఎంఆర్ఎస్ అనో ఉంటుంది. మధ్యలో ఖాళీ కూడా ఉండదు. అది తప్పు కాదు, ఆ వ్యవస్థ అలాగే రాస్తుంది. రెండు మాటల పేరు అతికి ఒకటైపోవడం కూడా అంతే. సాయి, కుమార్ కలిసి సాయికుమార్ అయితే ఎవరూ ఆపరు. చుక్కలు, అడ్డగీతలు మాయమవుతాయి. బోర్డింగ్ పాస్ మీది బార్‌కోడ్‌లో ఇంటిపేరు, పేరు రెంటికీ కలిపి 20 అక్షరాలకే చోటుంది. వెంకట సత్య నాగ లక్ష్మీ నరసింహ అని మొక్కుకున్న దేవుళ్లందరినీ కలిపి పెట్టిన పేరు అందులో సగం కూడా పట్టదు. తోక తెగిపోయినా ఇబ్బంది లేదు, టికెట్టులో పూర్తిగా ఉంటే చాలు.

ఫస్ట్ నేమ్ అంటే మొదట రాసేదా?

ఇప్పుడు అసలు రోగం దగ్గరికొద్దాం. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాయడం మన అలవాటు. విచిత్రం ఏమిటంటే విమాన టికెట్టు పద్ధతీ అదే. కానీ టికెట్టు కొనేటప్పుడు సైట్ అడిగేది ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. ఫస్ట్ అంటే మొదటిది, మన పేరులో మొదటిది ఇంటిపేరు, కాబట్టి మనవాడు అక్కడ ఇంటిపేరు కొట్టేస్తాడు. సైట్ దాన్ని తిప్పి టికెట్టులో వెనక వేస్తుంది. మా అత్త టికెట్టులో జరిగింది సరిగ్గా ఇదే. పాస్‌పోర్టు ఫారంలో మాత్రం సర్‌నేమ్, గివెన్ నేమ్ అని ఉంటుంది. టికెట్టు కొనేటప్పుడు లాస్ట్ నేమ్ అంటే సర్‌నేమ్, ఫస్ట్ నేమ్ అంటే గివెన్ నేమ్ అని గుర్తుంచుకుంటే సగం గొడవ తప్పుతుంది.

ఇంకా గట్టి ఉపాయం పెద్దాయన చెప్పాడు. పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల్లో యంత్రం చదివే అక్షరాలుంటాయి, వరుసకు 44 చొప్పున. మొదటి వరుసలో మన దేశం గుర్తు ఐఎన్‌డీ, దాని తర్వాత ఇంటిపేరు, దాని పక్కన బాణం మొనల్లాంటి గుర్తులు రెండు, ఆ తర్వాత పేరు. ఇమిగ్రేషన్ యంత్రం చదివేది ఈ వరుసనే. "పైన ఏముందో చూడకబ్బా, కింద లైను చూసి కొట్టు" అన్నాడాయన. అత్త పాస్‌పోర్టు తీసి చూశాం. రెండు మొనలకు ముందు మామ వాళ్ల ఇంటిపేరు, తర్వాత ఆమె పేరు, నాలుగేళ్ల పిల్లాడికైనా తెలిసేంత స్పష్టంగా ఉంది. ఆధార్ వాట్సాప్‌లో కాకుండా ఈ పేజీ వాట్సాప్‌లో ఉండి ఉంటే ఈ వ్యాసమే లేదు.

మన చిత్తూరు వైపు దీనికి ఇంకో మెలిక ఉంది. తమిళనాడు సరిహద్దు కాబట్టి చాలా ఇళ్లలో ఇంటిపేరు వాడకమే తక్కువ, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. అన్నదమ్ములు ఇద్దరిలో ఒకరి సర్టిఫికెట్లలో ఇంటిపేరు, ఇంకొకరి సర్టిఫికెట్లలో తండ్రి పేరు ఉండటం ఇక్కడ మామూలే. పాస్‌పోర్టు తీసేనాటికి ఇనీషియల్‌ను విప్పి రాయాలి. ఎలా విప్పుతారో ఆ రోజు ఫారం నింపిన నెట్ సెంటర్ కుర్రాడి దయ. దానికి తోడు స్పెల్లింగులు. ముని పేర్లు మన ప్రాంతం సొత్తు. మునిరత్నం అనే పేరునే తీసుకోండి. "త" పక్కన హెచ్ వేసేవాళ్లు కొందరు, వేయనివాళ్లు కొందరు. చివర యూ పెట్టి మునిరత్నము చేసినవాళ్లూ ఉన్నారు. సునీతకు హెచ్ ఉందా లేదా, సౌజన్యకు యూనా డబ్ల్యూనా, శ్రీకి ఐనా రెండు ఈలా? తెలుగులో ఒకే పేరు. ఇంగ్లీషులో ముగ్గురు మనుషులు.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు ఇంకో కథ. మొత్తం పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. టికెట్టు సైట్ మాత్రం రెండో గడి నింపందే ముందుకు కదలదు. కొన్ని సంస్థలు ఉన్న పేరునే రెండుసార్లు కొట్టమంటాయి, కొన్ని ఎఫ్ఎన్‌యూ అని కొట్టమంటాయి. పేరు తెలియదు అనడానికి పొడి అక్షరాలవి. అమెరికా వీసాల్లోనూ ఇదే వాడతారు. సర్‌నేమ్ లేని మన పాస్‌పోర్టు మీద వీసా వేస్తే ఉన్న పేరును సర్‌నేమ్‌లోకి జరిపి, పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని అచ్చేస్తారు. అందుకే అమెరికాలో మనవాళ్లు కొందరు ఆఫీసులో మొదటి రోజు "మిస్టర్ ఫ్నూ" అని పిలిపించుకుంటారు. నవ్వుకోవచ్చు గానీ, 2022 నవంబరులో యూఏఈ సంగతి నవ్వుకునేది కాదు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లను టూరిస్టు, విజిట్ వీసాల మీద రానివ్వబోమని ఆ దేశం విమాన సంస్థలకు చెప్పింది. రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే చాలని ఆ తర్వాత వివరణ వచ్చింది. ఇలాంటి పాస్‌పోర్టు ఉన్నవాళ్లు టికెట్టు కొనే ముందు ఆ సంస్థ సైట్‌లో ఒక్క పేరున్న వాళ్ల గురించి ఏం రాసిందో చదవడం తప్పనిసరి. ఒక సంస్థ పద్ధతి ఇంకో సంస్థకు పనికిరాదు.

పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడపిల్లల విషయం దీనికంటే తేలిక. పాస్‌పోర్టులో పుట్టింటి పేరుంటే టికెట్టు కూడా పుట్టింటి పేరుతోనే తీయాలి, అంతే. అత్తింటి పేరుతో తీసేసి ఉంటే పెళ్లి సర్టిఫికెట్ జత చేసి సవరణ అడగొచ్చు.

ఎవరు దిద్దాలి, ఎంతవుతుంది?

బంతాట ఎందుకు జరిగిందో పెద్దాయన చెప్పాకే అర్థమైంది. టికెట్టును ఎవరు జారీ చేశారో దాని తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. సైట్‌లో కొంటే సైట్ దగ్గర, ఏజెంటు దగ్గర కొంటే ఏజెంటు దగ్గర. విమాన సంస్థ నేరుగా అందులో చెయ్యి పెట్టడానికి ఇష్టపడదు. అలాగని సైట్ వాళ్లు తమంతట తాము పేరు దిద్దలేరు, విమాన సంస్థ నుంచి అనుమతి తెప్పించుకోవాలి. అంటే అడగాల్సింది సైట్‌నే, కానీ "మార్చండి" అని కాదు, "విమాన సంస్థకు సవరణ కోసం రాయండి, పాస్‌పోర్టు కాపీ ఇదిగో" అని. ఏజెంటు ఊళ్లోనే ఉంటే ఈ పని నయం. మనిషి ఎదురుగా కూర్చుంటాడు, తప్పించుకోలేడు. రెండొందలు తక్కువని సైట్‌లో కొన్న నాకు ఆ తేడా మూడు రోజుల నిద్రకు సరిపోయింది.

అనుమతి వచ్చాక ఏం చేస్తారనేది తప్పును బట్టి, టికెట్టును బట్టి ఉంటుంది. ఒకే సంస్థ విమానాలు, ప్రయాణం ఇంకా మొదలవలేదు, ఒకట్రెండు అక్షరాల తేడా, ఇలాంటివైతే పేరు దిద్ది టికెట్టు తిరిగి జారీ చేస్తారు. కొన్నిసార్లు అదీ చేయకుండా పీఎన్ఆర్‌లో "పాస్‌పోర్టు ప్రకారం పేరు ఇది" అని ఒక మాట రాసి పెడతారు. ఆ సంస్థ కౌంటర్లో అది కనిపిస్తుంది కాబట్టి పని నడుస్తుంది. మధ్యలో రెండో సంస్థ విమానం ఉంటేనే అసలు తంటా. ఆ సంస్థ కంప్యూటర్లో మన బుకింగుకు విడిగా ఇంకో పీఎన్ఆర్ ఉంటుంది. మొదటి సంస్థలో దిద్దింది రెండోదానికి చేరాలి, వాళ్లూ ఒప్పుకోవాలి. లేదంటే మొత్తం రద్దు చేసి కొత్త పేరుతో మళ్లీ బుక్ చేయాలి. అప్పటికి ఆ ధర సీట్లు అయిపోతే ఇవాళ్టి ధర కట్టాలి. రెండక్షరాలకు వేలల్లో బిల్లు ఎందుకొచ్చిందని జనం గొడవపడేది ఇక్కడే. ఆ వేలు అక్షరాలకు కట్టించుకున్నవి కావు, పెరిగిన టికెట్టు ధరవి.

మన దేశంలో విమాన సంస్థల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ. దాని నిబంధన ఒకటి ప్రయాణికుడి వైపు ఉంది. విమాన సంస్థ సొంత సైట్‌లో నేరుగా కొన్న టికెట్టులో, అదే మనిషి పేరులో తప్పు పడిందని 24 గంటల్లోపు చెబితే రుసుము లేకుండా దిద్దాలి. ఇందులో ప్రతి మాటా ముఖ్యమే. నేరుగా కొనాలి, మనిషి అదే కావాలి, 24 గంటలు దాటకూడదు. నేను ఈ మూడింటిలో రెండు పోగొట్టుకున్నాను. ఈ ఒక్క కారణానికే, ఇంట్లో పెద్దవాళ్ల విదేశీ ప్రయాణాలకు ధర కొంచెం ఎక్కువైనా ఇప్పుడు సంస్థ సైట్‌లోనే కొంటున్నాను. టికెట్టు తీసిన అరగంటలో పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వేలితో చూస్తాను. మా ఆవిడ దాన్ని పారాయణం అంటుంది.

కొన్న తొలి గంటల్లో రద్దు రుసుము లేకుండా టికెట్టు వెనక్కిచ్చే వీలు కూడా ఆ నిబంధనల్లో ఉంది, ప్రయాణానికి తగినన్ని రోజులుంటే. ఆ గడువును 48 గంటలు చేయాలని 2025 నవంబరులో డీజీసీఏ ఒక ముసాయిదా బయటపెట్టింది. తప్పు పెద్దదైతే సవరణ కోసం ఫోన్లు చేస్తూ కూర్చోవడం కంటే ఆ గడువులో రద్దు చేసి మళ్లీ కొనడమే మేలు, ఆ రోజుకు ధర పెరగకపోతే. గడువు దాటి రద్దు చేయాల్సి వచ్చినా రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. రద్దు రుసుము మూల ధర, ఇంధన సర్‌చార్జీ కలిపినదానికి మించకూడదు. వెనక్కి రాదని ముద్ర పడిన టికెట్టుకైనా ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగివ్వాల్సిందే. ఏజెంటు దగ్గర కొన్నా రీఫండ్ బాధ్యత విమాన సంస్థదే.

చెప్పినా వినకపోతే ప్రతి సంస్థకూ ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి, ఆ పైన అప్పీలు అధికారి ఉంటారు, వాళ్ల మెయిళ్లు సైట్‌లో ఉంటాయి. ఆ తర్వాత విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్ సేవా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఏ అర్ధరాత్రో కంగారులో గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడం మాత్రం వద్దు. ఇలాంటి వాళ్ల కోసమే దొంగలు తప్పుడు నంబర్లు పెట్టుకుని కూర్చుంటారు. సవరణ రుసుము పది రూపాయలే అంటారు, ఫోన్‌లో ఒక యాప్ వేసుకోమంటారు, ఖాతా ఖాళీ అవుతుంది. నంబరు టికెట్టు మీదనో, సంస్థ సైట్‌లోనో ఉన్నదే వాడాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

గేటు దగ్గర

రేణిగుంట విమానాశ్రయంలో ఎక్కి హైదరాబాద్ పోయేవాళ్లకు ఇంత రామాయణం లేదు. గేటు దగ్గర భద్రతా సిబ్బంది టికెట్టు మీది పేరును, కార్డు మీది పేరును, మీ మొహాన్ని చూస్తారు. ఆధారే కావాలని లేదు. ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు ఏదైనా ఒరిజినల్ చెల్లుతుంది. కాబట్టి టికెట్టు మీది స్పెల్లింగుకు మీ కార్డుల్లో ఏది దగ్గరగా ఉందో చూసి అది పట్టుకెళ్లడం మంచి ఉపాయం. ఒక హెచ్ తేడాకు మామూలుగా ఆపరు. అయినా అది ఆ నిమిషంలో అక్కడున్న మనిషి చేతిలో ఉన్న నిర్ణయం, దాని మీద నమ్మకం పెట్టుకుని పెళ్లికి బయల్దేరలేం. బెంగళూరులో మొహం చూసి లోపలికి పంపే డిజియాత్ర దారిలో పోదామనుకుంటే మాత్రం మనిషి లేడు, యంత్రమే. ఆధార్‌తో నమోదైన పేరుకూ బోర్డింగ్ పాస్‌కూ పొంతన లేకపోతే గేటు తెరుచుకోదు, పక్క క్యూలోకి రావాలి.

తప్పు ఉందని తెలిసి కూడా వెబ్ చెక్ఇన్ చేసేవాళ్లుంటారు, సీటు పోతుందన్న ఆత్రంతో. ఒకసారి చెక్ఇన్ అయితే ఆ టికెట్టు వాడకంలోకి వచ్చినట్టు లెక్క. దాన్ని వెనక్కి తీస్తే తప్ప పేరు దిద్దలేరు. ముందు సవరణ, తర్వాతే సీటు. అలాగే, రానూపోనూ టికెట్టులో మొదటి ప్రయాణం పేరు తప్పుతో పోగొట్టుకుంటే, తిరుగు ప్రయాణమైనా మిగిలిందిలే అనుకోకూడదు. మొదటిది ఎక్కకపోతే మిగతావీ రద్దవుతాయి.

మా అత్త టికెట్టు ఐదో రోజు సాయంత్రం సరిపడింది. రసీదు తెరిచి చూస్తే ఎక్స్ పోయి కె, ఎస్, హెచ్ వచ్చాయి, ఇంటిపేరు ముందుకొచ్చింది. ఊపిరి పీల్చుకున్నాను. పెద్దాయన మాత్రం అన్ని విమానాలూ ఒక్కొక్కటిగా చూడమన్నాడు. మొత్తం నాలుగు. రెండో సంస్థ పీఎన్ఆర్ విడిగా తీసుకుని వాళ్ల సైట్‌లో కొడితే, తిరుగు ప్రయాణంలో మెల్‌బోర్న్ నుంచి వచ్చే విమానంలో పాత పేరే నిక్షేపంగా ఉంది. దానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

పురుడు పోసి, మనవరాలిని ఎత్తుకుని, నాలుగు నెలల తర్వాత అత్త తిరిగొచ్చింది. చెన్నైలో కారెక్కించి పుత్తూరు దాటుతుంటే హ్యాండ్‌బ్యాగులోంచి బోర్డింగ్ పాస్ తీసి కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఒరేయ్, అంత గొడవపడి దిద్దించినావు కదా. మళ్లీ తప్పే పడింది చూడు. నా పేరు చివర ఈ ఎంఆర్ఎస్ ఏందిరా?"